మారాం చేసే పిల్లాడికి విగ్రహమా?

బుజ్జికీ, చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన ఫోటో చూశాను. "విగ్రహాలు గొప్పవాళ్లకి కదా పెడతారు, మారాం చేసే పిల్లాడికి ఎందుకు పెట్టారు?" అని చిన్నా అడిగాడట. అడగాల్సిన మాటే. ఆ కంచు పిల్లాడు నార్వేలో, ఓస్లో నగరంలో, ఫ్రాగ్నర్ పార్కు వంతెన మీద ఉంటాడు. పిడికిళ్లు బిగించి, కాలెత్తి, నోరు తెరిచి ఏడుస్తుంటాడు. చేసినాయన గుస్తావ్ విగెలాండ్. ఆ పార్కులో ఆయన శిల్పాలు 200కి పైనే ఉన్నాయి. చాలావాటికి ఒంటిమీద నూలుపోగు లేదు. చిన్నా, నవ్వకు! బట్టలుంటే ఏ కాలంవాడో, ఉన్నవాడో లేనివాడో తెలిసిపోతుంది. అవి తీసేస్తే ఉత్త మనిషి మిగులుతాడు.

మరి కంచులోకి కోపం ఎలా వచ్చింది?

నా చిన్నప్పుడు వాన వెలిశాక బురదలో అడుగులు చూసి, నడిచిందెవరో చెప్పడం మా ఆట. మడమ లోతుగా దిగితే బరువు మోస్తున్నాడని. వేళ్ల దగ్గర మట్టి చిమ్మితే పరిగెత్తాడని. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిన అడుగులు కనిపిస్తే, ఏదో అడగాలని వచ్చి మొహమాటపడి వెళ్లిపోయాడని. అక్కడ మనిషీ లేడు, మొహమూ లేదు. వాడి మనసు మాత్రం బురదలో ఉండిపోయేది.

శిల్పంలోనూ అంతే. మనసు అడుగు, ఒళ్లు మట్టి. కోపం తొక్కితే భుజాలు బిగుస్తాయి. దుఃఖం తొక్కితే మెడ వాలుతుంది. భయం తొక్కితే మోకాళ్లు దగ్గరికి ముడుచుకుంటాయి. సంతోషం తొక్కదు, ఎగరేస్తుంది కదా అంటావేమో బుజ్జీ. ఎగిరి దూకినవాడి అడుగే అందరికంటే లోతుగా పడుతుంది మరి! విగెలాండ్ కూడా ముందు మట్టితోనే చేసేవాడు, కంచూ రాయీ తర్వాత సంగతి.

అదే పార్కులో ఒకే గ్రానైట్ రాతిలో చెక్కిన స్తంభం ఉంది. అందులో 121 మంది మనుషులు. పసివాళ్లు, ముసలివాళ్లు, ఒకరినొకరు పట్టుకుని, ఒకరిమీదొకరు పడుతూ పైకి, ఇంకా పైకి. ఆయన నమూనా చేసిస్తే ముగ్గురు రాతిపనివాళ్లు 1929 నుంచి 1943 దాకా చెక్కారు. పేరు ఆయనదైనా ఉలి పట్టిన చేతులు వాళ్లవి, అది మాత్రం మరిచిపోకండి. అంతమందీ ఎక్కడికి పోతున్నారంటారా? నేను చెప్పను. చెప్పినా ఆ రాయి ముందు నిలబడితే నా మాట చాలదు.

మన మారాం పిల్లాడి దగ్గరికొద్దాం. వచ్చేపోయేవాళ్లు పట్టుకుని పట్టుకుని వాడి ఎడమ చెయ్యి మెరుగెక్కిపోయింది. గొప్పవాళ్ల విగ్రహాన్ని తలెత్తి చూసి వెళ్లిపోతాం. వీణ్ని చూస్తే చెయ్యి పట్టుకోబుద్ధవుతుంది, ఎందుకంటే ఆ ఏడుపు అందరం ఏడ్చిందే. చిన్నా, నువ్వు మొన్ననే ఏడ్చావని విన్నాను.

ఇప్పుడో పని చెయ్యండి. ఫోటోలో వాడి మొహాన్ని బొటనవేలితో మూసేసి, కోపం ఇంకా ఎక్కడెక్కడ ఉందో వెతకండి. తర్వాత బుజ్జి అచ్చం అలాగే నిలబడాలి, చిన్నా వెనకనుంచి చూడాలి. వీపులో ఏం కనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య