గట్టు రోడ్డు మీద ఫోర్కు స్ప్రింగు లెక్క

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో పరుచుకున్న కాలువల గట్లే ఇక్కడ చాలా ఊళ్లకు దారులయ్యాయి. ఆ దారుల కింద ఉన్నది వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చే నల్లమట్టి కనుక, పైన తారు ఎంత నున్నగా పరిచినా కొన్నాళ్లకు అలలు తేలుతుంది. అలాంటి గట్టు మీద బ్రేకు వేయగానే మోటారుసైకిలు ముందుకు కూలబడడం, గుంతలో పడితే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు అడుగంటా దిగి ఠక్కుమనడం మొదలైతే గట్టి స్ప్రింగులు వేయించుకోమంటారు. ఎంత గట్టివి అని అడిగితే మాత్రం అంకె చెప్పేవారు అరుదు. ఆ అంకె ఒక టేపుతో, ఒక బరువు తూచే యంత్రంతో తేలుతుంది.

స్ప్రింగు ఎంత నొక్కుకుపోతే అంత బలంతో ఎదురు తోస్తుందన్నది రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించిన సూత్రం. ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని కిలోల బరువు కావాలో అదే ఆ స్ప్రింగు రేటు. ఇది వైరు మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. వైరు 5 మి.మీ. నుంచి 5.5 మి.మీ. అయితే, మిగతా కొలతలు మారకపోయినా, గట్టిదనం 46 శాతం ఎక్కువవుతుంది. చుట్ల సంఖ్య తగ్గినా రేటు పెరుగుతుంది. 20 చుట్లు పనిచేసే స్ప్రింగులో 4 కోసేసి ఆ మేరకు పైపు ముక్క పెడితే 25 శాతం గట్టిపడుతుంది. కాబట్టి చేత్తో పట్టుకుని, కంటితో చూసి స్ప్రింగును అంచనా కట్టడం కుదరదు. నేను నా బండి స్ప్రింగును బరువు తూచే యంత్రం మీద నిలబెట్టి, లేతు షాపులోని డ్రిల్లింగ్ మెషీనుతో 20 మి.మీ. నొక్కించాను. యంత్రం 12 కిలోలు చూపింది, అంటే రేటు 0.6. ఫోర్కుకు రెండు కాళ్లు కనుక మొత్తం 1.2.

ఇక కొలవవలసింది కుంగుదల, అంటే బరువుకు ఫోర్కు ఎంత దిగుతుందో ఆ దూరం. ముందు చక్రం గాలిలో ఉండేలా బండిని ఎత్తి, ఫోర్కు గొట్టానికి ప్లాస్టిక్ టై ఒకటి వదులుగా బిగించి, ఆయిలు కారకుండా గొట్టం చుట్టూ ఉండే రబ్బరు సీలు దాకా దించాలి. తరువాత బండిని నేల మీద నిలిపి, రోజూ వేసుకునే బట్టలతో కూర్చుని, మెల్లగా దిగి, మళ్లీ చక్రం ఎత్తి, టైకీ సీలుకీ మధ్య దూరం కొలవాలి. సీలు రాపిడి వల్ల ఒక్కోసారి ఒక్కో అంకె వస్తుంది కాబట్టి నాలుగైదు సార్లు కొలిచి సగటు తీయడం మంచిది. మనిషి కూర్చున్నప్పుడు ఫోర్కు తన మొత్తం ప్రయాణంలో, అంటే అడుగుదాకా దిగగల దూరంలో, పావు నుంచి మూడో వంతు దాకా కుంగి ఉండాలి. నా బండి ఫోర్కు ప్రయాణం 130 మి.మీ.; కుంగుదల 33 నుంచి 43 మధ్య ఉండవలసింది, 55 వచ్చింది.

నా బండిలో ఫోర్కు పైన క్యాపు బిగించినప్పుడే స్ప్రింగు 20 మి.మీ. నొక్కుకుని ఉంటుంది, దీన్నే ప్రీలోడ్ అంటారు. 55కు ఈ 20 కలిపి 1.2తో హెచ్చిస్తే 90 కిలోలు. అంటే ఆ స్ప్రింగులు మోస్తున్న బరువు, నన్ను తూచకుండానే, బండిని తూచకుండానే బయటపడింది. నాకు కావలసిన కుంగుదల 36 అనుకుని, దానికి 20 కలిపి, 90ని ఆ 56తో భాగిస్తే దాదాపు 1.6 వస్తుంది. ఒక్కో కాలికి 0.8.

స్ప్రింగు మార్చకుండా పైన వాషర్లు పేర్చి ప్రీలోడ్‌ను 40 మి.మీ. చేసినా కుంగుదల 35కు దిగివస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే, ఎందుకంటే వాషర్లు రేటును మార్చవు. బ్రేకు వేసినప్పుడు ముందు మరో 60 కిలోలు పడ్డాయనుకుందాం. పాత స్ప్రింగు ఇంకో 50 మి.మీ. దిగుతుంది, వాషర్లు ఉన్నా లేకపోయినా. 0.8 స్ప్రింగు అయితే 37.5 మి.మీ. దగ్గరే ఆగుతుంది.

వెనుక కొబ్బరికాయల గోతాలో, చెరువులకు మేత బస్తాలో కట్టుకుని తిరిగేవారు ఆ బరువు కోసం ముందు స్ప్రింగులు గట్టివి వేయించుకోవడం డెల్టాలో తరచూ చూస్తాను. ఇది పొరపాటు. వెనుక ఇరుసును దాటి వేలాడే బరువు ముందు చక్రాన్ని నిజానికి తేలిక చేస్తుంది. అప్పుడు చూసుకోవలసింది వెనుక షాకులను.

నేను మొదట చేసిన తప్పు ఇంకొకటి. ఒక దుకాణంలో గట్టివే మేలని చెబితే లెక్క చూసుకోకుండా 1.0 రేటువి కొన్నాను. కుంగుదల 25 మాత్రమే వచ్చింది. గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి సాగి నేలను అంటుకోవాలంటే ఆ కుంగిన భాగమే ఆధారం. అది చాలక గట్టు రోడ్డు అల దాటిన ప్రతిచోటా ముందు చక్రం తేలిపోయేది, వంతెన మీది ప్రతి అతుకూ అరచేతుల్లో గుచ్చుకునేది.

స్ప్రింగు గట్టిపడితే అది తిరిగి తన్నే జోరునూ అదుపు చేయాలి. ఆ పని ఫోర్కు ఆయిలుది. రేటు మూడో వంతు పెరిగితే డ్యాంపింగు (ఈ అదుపు), లెక్క ప్రకారం, రేటు వర్గమూలాన్ని అనుసరించి 15 శాతం పెరిగితే చాలు. కాబట్టి ఒక మెట్టు చిక్కటి ఆయిలును మించి వెళ్లనక్కరలేదు. ఒకే నంబరున్నా కంపెనీ మారితే చిక్కదనం మారుతుందని గుర్తుంచుకోవాలి. ఆయిలు మట్టాన్ని స్ప్రింగు తీసేసి, ఫోర్కును అడుగుదాకా నొక్కి, గొట్టం అంచు నుంచి కొలవాలి. ఎక్కువ పోస్తే పైన మిగిలే గాలికి చోటు తగ్గి, ఫోర్కు దిగేకొద్దీ పీడనం విపరీతంగా పెరిగి సీళ్లు కారతాయి.

నా పాత ఆయిలు గిన్నెలోకి దిగినప్పుడు నల్లగా కాక, నీళ్లు కలిసి, పలచటి బూడిద రంగులో, ఎండు చేపల వాసనతో వచ్చింది. వరద నీటిలో నడిచిన బండికి ఇది మామూలే. కూలబడడంలో కొంత తప్పు దానిదే కాబట్టి, ఎవరైనా స్ప్రింగు కొనే ముందు ఆయిలు మార్చి చూడడం న్యాయం. నేను 0.8 స్ప్రింగులు, కొత్త ఆయిలు ఒకేసారి వేసి కొలిస్తే కుంగుదల 38 వచ్చింది. లాకుల దగ్గరి మలుపులో, ఎప్పుడూ ఠక్కుమనే గుంత ముందు అదే బ్రేకు వేసి దిగి చూస్తే, ప్లాస్టిక్ టై అడుగుకు ఇంకా 22 మి.మీ. ఉండగానే ఆగి ఉంది.