గాలం పక్కన కెమెరా: కృష్ణ నీళ్లలో అపోహలు - వాస్తవాలు

విజయవాడ చుట్టుపక్కల గాలం వేసేవాళ్ల దగ్గర నీళ్లలోకి దించే కెమెరాలు ఈమధ్య బాగానే కనిపిస్తున్నాయి. పొడుగాటి వైరు, దాని చివర గుప్పిట్లో పట్టేంత కెమెరా, పైన చిన్న స్క్రీను. "అన్నా, ఇది కొంటే చేపలు పడతాయా?" అని అడిగే కుర్రాళ్లకు నేనెప్పుడూ ఒకే మాట చెబుతాను. మీరు గాలం వేసే చోట అడుగున ఏముందో, మీ ఎర ఎలా పడి ఉందో తేల్చుకోవడానికే ఇది. ఆ పనికి దీన్ని మించిన సాధనం లేదు. విదేశీ సరస్సుల వీడియోలు చూసి ఆశపడి కొన్నవాళ్లు మాత్రం మొదటి వారంలోనే డీలా పడిపోతున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: మంచి కెమెరా అయితే ఏ నీళ్లలోనైనా చేప కనిపిస్తుంది.

వాస్తవం: ఎంత కనిపిస్తుందన్నది నీళ్లను బట్టి ఉంటుంది. చవక కెమెరా అయినా ఖరీదైనదైనా బురదనీళ్లలో చూపించేది గోధుమరంగు తెర ఒక్కటే. వానాకాలంలో కృష్ణకు పైనుంచి వరద వస్తుంటుంది. మున్నేరు ఎగువన గట్టివాన పడిందంటే ఎర్రనీళ్లు దిగుతాయి. పట్టిసీమ పంపులు నడిచే రోజుల్లో గోదావరి వరద నీళ్లు కూడా ఇబ్రహీంపట్నం దగ్గర వచ్చి కలుస్తాయి. 2015లో ఆ పంపులు మొదలైనప్పటి నుంచి, అవి నడిచినప్పుడల్లా ఇదే వరస. అలాంటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ ఎగువన కెమెరా దించితే లెన్సు ముందు పెట్టిన చెయ్యి కూడా సరిగా కనిపించదు. వరద తగ్గి, గేట్లు మూసి, నీళ్లు తేటపడ్డాకే దీనికి సీజను. నా లెక్కలో అది నవంబరు చివరి నుంచి. ఎండలు ముదిరితే నాచు పెరిగి నీళ్లు మళ్లీ పచ్చబడతాయి.

చేపల చెరువుల్లో అయితే ఆశే పెట్టుకోవద్దు. రైతులు కావాలనే ఎరువు వేసి నీళ్లను పచ్చగా ఉంచుతారు. ఆ పచ్చదనాన్ని తిని పెరిగే సన్నపురుగులే బొచ్చె చేపకు ముఖ్యమైన తిండి.

కాబట్టి డబ్బులు పెట్టేముందు ఒక పని చేయండి. జానెడు వెడల్పున్న తెల్ల ప్లాస్టిక్ ప్లేటుకు కింద బరువు కట్టి, తాడుకు అడుగుకో ముడి వేసి, మీరు రోజూ గాలం వేసే చోట నీళ్లలోకి దించండి. ప్లేటు ఎన్నో ముడి దగ్గర మాయమవుతుందో చూడండి. 1865లో ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కి సముద్రంలో నీటి తేటదనం కొలిచింది ఇలాంటి పళ్లెంతోనే. మన ఆక్వా రైతులు ఇప్పటికీ వాడే సెక్కీ డిస్క్ అదే. మీ ప్లేటు అడుగున్నరకే మాయమైతే ఆ చోట కెమెరా కొనకండి. మూడడుగులు దాటితే పనికొస్తుంది. నాలుగైదు అడుగులు వస్తే నిశ్చింతగా కొనండి.

అపోహ: చీకటిగా ఉంటే లైటు పెంచితే సరిపోతుంది.

వాస్తవం: డిసెంబరు తెల్లవారుజామున గుంటూరు రోడ్డు మీద మంచులో హైబీమ్ వేస్తే ఏమవుతుంది? ముందంతా తెల్లగా అయిపోయి దారి కనిపించదు. మురికి నీళ్లలో ఎల్‌ఈడీ కూడా అంతే. లెన్సు చుట్టూ ఉన్న లైటు నీళ్లలో తేలే మట్టిరేణువుల మీద పడి నేరుగా లెన్సులోకే తిరిగొస్తుంది. అందుకే నేను లైటు ఆపేసి పగటి వెలుతురులోనే చూస్తాను. పదింటి నుంచి రెండింటి దాకా, సూర్యుడు నెత్తిమీద ఉన్నప్పుడు, లోపలిదాకా వెలుగు దిగుతుంది. తప్పనిసరైతే విడిగా ఒక టార్చి తీసుకుని కెమెరాకు దూరంగా, పక్కనుంచి పడేలా కట్టండి.

ఇన్‌ఫ్రారెడ్ లైటు ఉన్నవాటిని "రాత్రి కూడా పదడుగులు" అని చెప్పి అమ్ముతున్నారు. ఆ కాంతిని నీళ్లు చాలా త్వరగా మింగేస్తాయి. చేపలకు అది పెద్దగా కనిపించదన్నది నిజమే. మనకు కనిపించే దూరం కూడా తక్కువే.

అపోహ: స్క్రీన్‌లో చేప కనిపించిందంటే గాలానికి పడినట్టే.

వాస్తవం: కెమెరా నేర్పే అసలు పాఠం ఇక్కడే ఉంది. తౌడు, వేరుశనగ చెక్క కలిపిన పిండిముద్ద వేసి, రెండడుగుల అవతల కెమెరా పెట్టి చూడండి. ముందు పరిగెలు వచ్చి ముద్ద అంచులు కొరుకుతాయి. వాటి సందడికి కాసేపట్లో మసకలోంచి ఒక శీలావతి వస్తుంది. తిన్నగా ముద్ద మీదికి రాదు. చుట్టూ తిరుగుతుంది, కింద రాలిన పొడి ఏరుకుంటుంది. ఆ తర్వాత నోరు ముందుకు సాచి ముద్దను ముల్లుతో సహా లోపలికి లాగి, గట్టిగా ఉన్నదేదో తగలగానే ఉఫ్‌మని బయటికి ఊదేస్తుంది. ఇంత జరిగినా పైన బెండు కదలదు! గట్టు మీద కూర్చున్న మనం మాత్రం "ఇవాళ చేపే లేదు" అనుకుంటాం.

ఇది కళ్లారా చూశాక చాలామంది ముల్లు సైజు తగ్గిస్తారు, సీసం తేలిక చేస్తారు, ముద్ద మెత్తగా కలుపుతారు. చేపలు పడటం ఆ మార్పులతోనే మొదలవుతుంది.

అడుగు సంగతీ అంతే. బ్యారేజీ ఎగువన చాలాచోట్ల మెత్తటి ఒండ్రు పేరుకుని ఉంటుంది. బరువైన సీసం అందులో దిగబడి ఎరను కూడా లోపలికి లాక్కుపోతుంది. మృగాల అనే అడుగున మేసే చేప దాన్ని వెతుక్కుంటుందేమో గానీ, నోరు పైకి తిరిగి ఉండే బొచ్చె ఆ ఛాయలకే రాదు. బొచ్చె కోసమైతే ఎరను పైకి లేపాల్సిందే.

అపోహ: కెమెరా చూసి చేపలు పారిపోతాయి.

వాస్తవం: కెమెరా ఉన్నందుకు పారిపోవు, కదిలితే బెదురుతాయి. ఒంటి పక్కన ఉండే గీత ద్వారా చేపకు నీటి కదలిక తెలిసిపోతుంది. వైరుకు వేలాడదీస్తే ప్రవాహానికి కెమెరా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. వెదురు కర్రకు గట్టిగా కట్టి, నీటి పారుదలకు అడ్డంగా చూసేలా పెట్టి, కాసేపు ముట్టుకోకుండా వదిలేయండి.

అపోహ: వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటే చాలు, ఫోన్‌లో వైఫైతో చూసుకోవచ్చు.

వాస్తవం: వైఫై సిగ్నల్ నీళ్లలో కొన్ని అంగుళాలకు మించి పోదు. పై నుంచి చూడాలంటే వైరు ఉండాల్సిందే. లేదా నీటి పైన తేలే ట్రాన్స్‌మిటర్ దాకా అయినా వైరు రావాలి. డబ్బా మీద నీళ్లను ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఉంటుంది. అది ఐపీఎక్స్7 అంటే మీటరు లోతులో అరగంట మాత్రమే. ఐపీ68కి లోతు ఎంతో కంపెనీయే చెప్పాలి, ఆ అంకె చూసి కొనండి. మూత దగ్గర ఉండే రబ్బరు రింగు మీద ఒక్క ఇసుక రేణువు, ఒక్క వెంట్రుక చాలు, నీళ్లు లోపలికి రావడానికి. ప్రతిసారీ తుడిచి, సన్నగా సిలికాన్ గ్రీజు రాయండి. మన ఉక్కపోతలో ఏటి ఒడ్డునే మూత వేస్తే, చల్లటి నీళ్లు తగలగానే అద్దానికి లోపల ఆవిరి పడుతుంది. ఇంట్లోనే, సిలికా జెల్ పొట్లం పెట్టి మూయడం మంచిది.

ఇంకోటి. చదును అద్దం వెనక నుంచి చూస్తే నీళ్లలో వస్తువు మూడోవంతు పెద్దగా కనిపిస్తుంది. స్క్రీన్ మీద కిలో చేప చూసి రెండు కిలోల పైనే అనుకోవద్దు.

అపోహ: కెమెరా ఉంటే ఫిష్ ఫైండర్ దండగ.

వాస్తవం: రెండూ వేరు. ఫైండర్ శబ్దంతో చూస్తుంది కాబట్టి బురదలోనూ లోతు చెబుతుంది. అది ఏ చేపో మాత్రం చెప్పదు. పడవ మీద వెళ్లేవాళ్లు దానితో గుంట వెతికి, తర్వాత కెమెరా దించాలి. గట్టు మీద నుంచి వేసేవాళ్లకు కెమెరా ఒక్కటి చాలు.

అపోహ: కొరమీను కెమెరా మీదికి దూసుకొచ్చిందంటే ఆకలి మీద ఉన్నట్టు.

వాస్తవం: వానాకాలంలో అయితే అది పిల్లల్ని కాస్తూ ఉండొచ్చు. గుర్రపుడెక్క అంచుల్లో ఎర్రటి చిన్నపిల్లల గుంపు నీటిపైన బుడబుడలాడుతుంటే కింద తల్లీతండ్రీ ఉంటాయి. దగ్గరికొచ్చిన దేన్నైనా అవి కొడతాయి. కప్పబొమ్మ వేస్తే సులువుగా పడతాయి కూడా. దయచేసి అలా పట్టకండి. పెద్దచేప పోయిన మరుక్షణం నుంచే ఆ పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి. గుంపు కనిపిస్తే కెమెరా పైకి లాగి వేరే చోటికి వెళ్లండి.

అపోహ: నది అందరిదీ, ఎక్కడైనా దించొచ్చు.

వాస్తవం: జనం స్నానాలు చేసే ఘాట్ల దగ్గర నీళ్లలోకి కెమెరా పెట్టడం తప్పు. చేపల కోసమే అని మీరెంత చెప్పినా, స్నానం చేస్తున్న ఆడవాళ్ల భయం న్యాయమైనదే. ఆ ఛాయలకు పోవద్దు. బ్యారేజీ దిగువన గేట్లు ఎప్పుడు ఎత్తుతారో చూసుకోకుండా వైరు పట్టుకుని రాళ్ల మీదికి దిగొద్దు.

అపోహ: కెమెరా లేకపోతే అడుగు తెలిసే దారే లేదు.

వాస్తవం: కాలువల్లో గాలం వేసేవాళ్లకు ఉంది. బందరు, ఏలూరు, రైవస్ కాలువలకు వేసవిలో నీళ్లు కట్టేస్తారు. అప్పుడు గట్టెంట నడిస్తే గుంటలు, తూముల ముందు కోసుకుపోయిన చోట్లు, దారం తెంపే ఇనుప ముక్కలు అన్నీ బయటే ఉంటాయి. ఫోన్‌తో ఫొటోలు తీసి, ఎదురుగా ఉన్న కరెంటు స్తంభమో చెట్టో గుర్తు రాసుకోండి. నీళ్లు వదిలాక ఎర వేయాల్సింది ఆ గుంటల అంచునే.