పడుగు సాచిన వీధి: బరంపురం పాతూరిని అడిగి బాగుచేయడం వెనుక కథ

ఒడిశాలోని బరంపురం పాతూరిలో ఇళ్ళు వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. వీధిలోంచి చూస్తే ఒక తలుపు, ఒక కిటికీ, ముందు ఒక అరుగు. లోపలికి వెళ్తే గది వెనక గది, ఆ వెనక పెరడు. పక్కింటికీ మనింటికీ మధ్య గోడ ఒకటే. ఇంటి పొడవు ఎంతైనా పట్టు పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల వరస, మాత్రం ఇంట్లో పట్టేది కాదు. అందుకని తెల్లవారుజామునే, ఎండ ముదరకముందే, వీధి పొడవునా పడుగు సాచేవారు. తెగిన పోగులు అతికి, దువ్వి, మళ్ళీ చుట్టి లోపలికి తీసుకుపోయేవారు. ఆ కాసేపూ బళ్ళు ఆగేవి. ఆగాలని ఏ బోర్డూ చెప్పలేదు.

పాతూరిని బాగుచేయాలన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ముందు ఈ వీధే గుర్తొస్తుంది. రోడ్డు వెడల్పు, కాలువల మీద మూతలు, పార్కింగు, చెరువు గట్టు మీద టైల్సు, తోపుడు బళ్ళను ఎక్కడికి పంపాలి అన్న లెక్క: చర్చంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. ఇవన్నీ కావలసినవే. వానొస్తే మోకాలి లోతు నీళ్ళు నిలిచే వీధిని అలాగే ఉంచమని ఎవరూ అనరు. కానీ ఆ వీధిని ఇన్నేళ్ళూ వాడుకున్నవాళ్ళను, పని మొదలుపెట్టేముందు, మీకేం కావాలని అడిగిందెప్పుడు? ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే నూట యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

పాతూరి నేతవీధుల్లో ఎక్కువమంది డేరా కులంవారు. మహురి రాజుల పిలుపు మీద రాజమండ్రి వైపు నుంచి తమ పెద్దలు ఇక్కడికి వచ్చారని వాళ్ళు చెప్పుకుంటారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. గుడి గోపురాల వరసలా కనిపించే ఫోడా కుంభ అంచుతో వాళ్ళు నేసిన చీరలు, మగవాళ్ళ పంచె, ఉత్తరీయాల జోడాలు ఈ ఊరికి పట్టునగరం అన్న పేరు తెచ్చాయి. ఊరి పేర్లలో కూడా తెలుగు మిగిలే ఉంది. కోర్టుపేట, లంజిపల్లి, కొమాపల్లి అని ఇప్పటికీ ఆటో ఎక్కి అడుగుతాం. అంటే ఇక్కడి వీధిని ఎవరో గీసి ఇవ్వలేదు. మగ్గం, చెరువు, అమ్మవారు కలిసి దాన్ని తయారుచేశాయి.

అమ్మవారి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రెండేళ్ళకోసారి చైత్రమాసంలో బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారిని డేరాల ఆడపడుచుగా భావిస్తారు. గుడి నుంచి ఆమె దేశి బెహరా వీధిలో వేసిన తాత్కాలిక మందిరానికి, అంటే పుట్టింటికి, వస్తుంది. కులపెద్ద దేశి బెహరా తండ్రి స్థానంలో ఉంటాడు. సుమారు నెలరోజులపాటు ప్రతి సాయంత్రం ఆడవాళ్ళు ఘటాలు నెత్తిన పెట్టుకుని పాతూరి వీధులు తిరుగుతారు. మొక్కుకున్నవాళ్ళు వేషాలు కడతారు, పులివేషాలు ఆడతాయి. విశాఖ, విజయనగరం వైపు అమ్మవారి పండుగలు చూసినవాళ్ళకు ఇదేమీ కొత్తగా అనిపించదు.

ఆ నెలరోజులూ వీధి ఎవరిదో అందరికీ తెలుసు. ఘటం ఏ మలుపు దగ్గర ఆగుతుంది, ఏ ఇంటి ముందు నీళ్ళు పోస్తారు, ఎక్కడ కరెంటు తీగ కిందికి వేలాడుతోంది, ఏ కాలువ మీద పలక విరిగింది అని వీధిలోవాళ్ళే చూసి చెబుతారు. యాత్రకు ముందు అధికారులు దేశి బెహరా కుటుంబంతో, ఊరి పెద్దలతో కూర్చుని ఏర్పాట్లు మాట్లాడుకుంటారు. వీధిలోవాళ్ళ మాట విని పనిచేయడం ఈ ఊరికి చేతకాదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఇక ఆఫీసుల సంగతి. బరంపురానికి 1867లో మునిసిపాలిటీ వచ్చింది. అప్పటికి మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. రెండేళ్ళ ముందు, 1865లో, మద్రాసు ప్రభుత్వం పట్టణాల కోసం ఒక చట్టం చేసింది. దాని పేరే పట్టణాల మెరుగుదల చట్టం. ఊరిని బాగుచేయడం అన్న మాట కాగితం మీదికి ఎక్కింది అప్పుడే. రోడ్లు, దీపాలు, చెత్త, పోలీసు ఖర్చు అన్నీ అందులోకి వచ్చాయి. అయితే ఊరి తరఫున కూర్చునేవాళ్ళను మొదట్లో ప్రభుత్వమే నియమించేది. తర్వాత్తర్వాత ఎన్నికలు వచ్చినా పన్ను కట్టేవాళ్ళకే ఓటు. మగ్గం నేసే కూలీ, గంపలో కూరలు అమ్ముకునే ఆమె, అద్దెకుండే కుటుంబం, వీళ్ళెవరూ లెక్కలో లేరు.

మధ్యలో ఒకసారి వేరే దారి తెరుచుకుంది. దాని గురించి మన దగ్గర ఎక్కువమంది మాట్లాడరు గనుక కాస్త ఆగి చెబుతాను. స్కాట్లండుకు చెందిన పట్టణ ప్రణాళికల నిపుణుడు పాట్రిక్ గెడ్డెస్‌ను మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లాండ్ 1914లో పిలిపించాడు. గెడ్డెస్ తనతో తెచ్చుకోవలసిన పట్టణ ప్రణాళికల ప్రదర్శన మొత్తం వేరే ఓడలో వస్తోంది. ఆ ఓడను ఎండెన్ ముంచేసింది. మద్రాసు మీద ఫిరంగి గుండ్లు కురిపించిన జర్మన్ నౌక ఎండెన్ అదే. స్నేహితులు మళ్ళీ పటాలు, బొమ్మలు పోగుచేసి పంపితే 1915లో మద్రాసులో ప్రదర్శన పెట్టగలిగాడు. తర్వాత ఊరూరా కాలినడకన తిరిగాడు. తంజావూరు కోటలో ఇళ్ళు కూలగొట్టి తిన్నగా గళ్ళు గళ్ళుగా రోడ్లు వేయాలన్న ప్రతిపాదన చూసి, అది వద్దన్నాడు. ఒక్కొక్క సందూ నడిచి చూసి, ఇక్కడ ఒక పాడుపడ్డ గోడ తీస్తే గాలి ఆడుతుంది, అక్కడ ఒక ఖాళీ స్థలంలో చెట్టు పెడితే పిల్లలు ఆడుకుంటారు అని చూపించాడు. చాలా తక్కువ ఖర్చుతో, చాలా తక్కువమందిని కదిలించి అదే పని అవుతుందని వాదించాడు. ముందు ఊరిని తెలుసుకో, తర్వాత కత్తి పట్టుకో అన్నది ఆయన పద్ధతి.

ఆ ప్రభావంతోనే 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. కానీ గెడ్డెస్ నడక అందులోకి రాలేదు. చట్టంలోకి వచ్చిందేమిటంటే, ముందు పథకం తయారుచేయడం, దాన్ని ప్రకటించడం, ఫలానా తేదీలోగా అభ్యంతరాలుంటే రాసి ఇమ్మనడం. నా దృష్టిలో అసలు మెలిక ఇక్కడే పడింది. మీకేం కావాలి అన్న ప్రశ్న పోయి, మీకేమైనా అభ్యంతరం ఉందా అన్న ప్రశ్న మిగిలింది. రెండో ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది ఎవరు? దస్తావేజు ఉన్నవాళ్ళు, నోటీసు చదవగలిగినవాళ్ళు, లాయరును పెట్టుకోగలిగినవాళ్ళు. అరుగు మీద కూర్చునే ముసలమ్మకు అభ్యంతరం రాయడానికి ఆస్తి లేదు. ఒడిశాలో 1982లో వచ్చిన అభివృద్ధి సంస్థల చట్టంలోనూ ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు, సూచనలు తీసుకోవడమే పద్ధతి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైంది. గంజాం జిల్లా రెండుగా చీలింది. బరంపురం, ఛత్రపురం ఇటు, ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి అటు. పెళ్ళి సంబంధాలు, పూజలు, పచ్చళ్ళు సరిహద్దు దాటి అలాగే నడిచాయి. కాగితాల భాష మాత్రం మారింది. మునిసిపల్ చట్టం 1950లో ఒడిశా సొంతంగా చేసుకుంది. 1954లో ఒడియా అధికార భాష అయింది. అది సహజమే, న్యాయమే. కాకపోతే పాతూరిలో మా అమ్మమ్మ వయసువాళ్ళు ఒడియా గలగలా మాట్లాడతారు గాని చదవలేరు. గోడకు అంటించిన నోటీసు వాళ్ళకు కాగితమే.

ఆ తర్వాత ఊరు బయటికి పెరిగింది. 1962లో మెడికల్ కాలేజీ, 1967లో యూనివర్సిటీ. బస్టాండు, ఆసుపత్రి, కొత్త కాలనీలు అన్నీ పాతూరికి అవతలే. నేత తగ్గింది, కుర్రాళ్ళు సూరత్ బండెక్కారు. పడుగు సాచిన చోట మోటారుసైకిళ్ళు నిలబడ్డాయి. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను ఊళ్ళో చెట్లను పడగొట్టింది. అంతకుముందు వీధి మొగల్లో నీడ ఉండేది. ఆ నీడ కిందే బేరాలు, పంచాయతీలు, పిల్లల ఆటలు సాగేవి. చెట్టు పోయాక ఖాళీ అయిన జాగా ఎవరిది అన్న తగాదా మొదలైంది.

రాజ్యాంగం మాత్రం ఈలోగా ఒక మెట్టు దిగి వచ్చింది. 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 3 లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని అందులో ఉంది. 1991 లెక్కల్లో బరంపురం జనాభా సుమారు 2 లక్షల 10 వేలు. 2001కి 3 లక్షలు దాటింది. 2008లో నగరపాలక సంస్థ అయింది. 2022 మార్చిలో మేయరును తొలిసారి జనమే నేరుగా ఎన్నుకున్నారు. ఓటు ఇచ్చారు, సంతోషం. కానీ ఐదేళ్ళకోసారి ఓటు వేయడం వేరు, మన వీధి మొగలో బల్ల ఎక్కడ వేయాలో చెప్పడం వేరు.

వీధి వ్యాపారుల చట్టం ఇంకా ముందుకు వెళ్ళింది. 2014లో వచ్చిన ఈ చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళను వాళ్ళే ఎన్నుకోవాలి, అందులో మూడో వంతు ఆడవాళ్ళు. 50 ఏళ్ళకు పైగా అమ్మకం జరుగుతున్న బజారును వారసత్వ బజారుగా ప్రకటించాలని, అక్కడివాళ్ళను కదిలించకూడదని కూడా ఉంది. బడా బజారులో తాతల నాటి నుంచి అదే మూల కూర్చుని అమ్ముకునే కుటుంబాలకు ఈ మాట ఒక్కటి తెలిస్తే ఎంత టెన్షన్ తగ్గుతుందో! తెలుగులో, ఒడియాలో ఒక పెద్ద అక్షరాల కాగితం మీద రాసి బజారులో కడితే చాలు.

డబ్బు వైపు చూస్తే, 2015లో మొదలై 2019లో ముగిసిన కేంద్రం వారసత్వ నగరాల పథకం హృదయ్‌లో 12 ఊళ్ళుండేవి. మన వైపు పూరి, అమరావతి, వరంగల్ వచ్చాయి, బరంపురం రాలేదు. పట్టణాల్లో నీళ్ళు, మురుగుకాలువల వంటి వసతుల కోసం కేంద్రం పెట్టిన అమృత్ పథకంలో చోటు దొరికింది. కోవిడ్ మొదలైన 2020లో ఒడిశా ప్రభుత్వం పట్టణ కూలీలకు పని ఇవ్వడానికి ఒక పథకం పెట్టింది, తర్వాత దానికి ముక్తా అని పేరు వచ్చింది. చిన్న పార్కులు, కాలువలు, కూర్చునే చోట్లు వంటి పనుల్ని మహిళా సంఘాలకు, బస్తీ సంఘాలకు అప్పగించడం అందులో పద్ధతి. వీధి కొలత వీధిలోవాళ్ళ చేతికి ఇవ్వవచ్చని అది చూపించింది.

మరో సరిహద్దులో, మహారాష్ట్రలోని చంద్రాపూర్‌లో, మన తెలుగువాళ్ళు చాలామంది గనుల్లో పనిచేసే ఊళ్ళో, గోండు రాజుల కోటగోడ సుమారు 11 కిలోమీటర్ల మేర ఊరిని చుట్టి ఉంటుంది. గోడ మీద ముళ్ళపొదలు, చెత్త పేరుకుపోతే 2017లో ఎకో-ప్రో అనే స్థానిక సంస్థ కుర్రాళ్ళు వందల రోజులు శ్రమదానం చేసి శుభ్రం చేశారు. ఆ తర్వాతే ఆ గోడ మీద నడవవచ్చన్న ఆలోచన ఊరికి వచ్చింది. అక్కడ పని ముందు వచ్చింది, పటం తర్వాత.

చివరగా మా ఇంటి దగ్గరి సంగతి. మా వీధి మొగలో ఒక రావిచెట్టు, దాని చుట్టూ గట్టు ఉండేవి. పొద్దున్న అక్కడ ఆడవాళ్ళు అప్పడాలు ఆరబెట్టేవారు, సాయంత్రం ముసలివాళ్ళు కూర్చునేవారు. కొన్నేళ్ళ కిందట దాన్ని బాగుచేశారు. గట్టు మీద నున్నటి టైల్సు, చుట్టూ ఇనుప కటకటాలు, ఒక గేటు, ఎండలో రెండు స్టీలు బెంచీలు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా తెరుస్తారని బోర్డు. అప్పడాలకు కావలసింది పొద్దుటి ఎండ. ముసలివాళ్ళకు కావలసింది నీడ. వాన పడితే టైల్సు మీద జారిపడతారు. చేసినవాళ్ళది చెడ్డబుద్ధి కాదు. పని చూడడానికి వచ్చినాయన చాలా మర్యాదగా మాట్లాడారు, ఒక్క పూట ముందు వచ్చుంటే మా అమ్మమ్మ కాఫీ ఇచ్చి అన్నీ చెప్పేది.

ఆర్నెల్లు ఎవరూ లోపలికి వెళ్ళలేదు. తర్వాత ఎదురింటి పిన్నిగారు, ఇంకో నలుగురు ఆడవాళ్ళు కలిసి ఒక కాగితం రాయించుకుని వెళ్ళారు. బెంచీలు ఇటు జరపాలి, మెట్టు దగ్గర టైల్సు తీసి గరుకు రాయి వేయాలి, తాళంచెవి వీధిలోనే ఉండాలి. ముందు ఒడియాలో, కింద తెలుగులో. బెంచీలు జరిగాయి. టైల్సు ఇంకా అలాగే ఉన్నాయి. తాళంచెవి ఇప్పుడు పిన్నిగారి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతుంది. ఆరింటికల్లా గేటు తీస్తారు, ఏడయ్యేసరికి చాపల మీద అప్పడాలు పరిచి ఉంటాయి.