కివీ, ప్లేట్‌లెట్లు, మన ఇంటి గంజి: కొన్ని అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో డైటీషియన్‌గా పదహారేళ్ల నుంచి పని చేస్తున్నాను. వానలు ముదిరి డెంగీ జ్వరాలు మొదలయ్యాయంటే నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "మేడం, కివీ పెట్టొచ్చా?" ఆ నెలల్లో ఆస్పత్రి ముందు పండ్ల బండ్ల మీద జామకాయలు వెనక్కి పోతాయి, కివీ డబ్బాలు ముందుకొస్తాయి. రేటూ పెరుగుతుంది.

అపోహ: డెంగీలో కివీ తింటే ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు) పెరుగుతాయి.

పెరుగుతాయి. కివీ తినకపోయినా పెరుగుతాయి. గండం గడిచాక రెండు మూడు రోజుల్లో ఒంట్లో అవి మళ్లీ తయారవుతాయి. సరిగ్గా అప్పటికి ఇంట్లో నాలుగో డబ్బా నడుస్తుంటుంది కాబట్టి పేరు దానికి పోతుంది. (చాలామంది ప్లేట్‌లెట్లను 'తెల్లకణాలు' అంటారు. అవి వేరు, ఇవి వేరు. డెంగీలో రెండూ తగ్గుతాయి కాబట్టి ఆ పంచాయితీ ఇప్పుడొద్దు.)

డబ్బులు పోతే పోయాయి అనుకోవచ్చు. పోయేది అవి మాత్రమే అయితే నేనింత చెప్పను. డెంగీలో ఎక్కువగా ప్రాణం మీదికి తెచ్చేది ప్లేట్‌లెట్ల అంకె కాదు, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవడం. అది జరిగేది జ్వరం వచ్చిన మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, అదీ జ్వరం దిగే వేళ, 24 నుంచి 48 గంటల పాటు. ఇల్లంతా "హమ్మయ్య" అనుకునే సమయం సరిగ్గా అదే.

రెండేళ్ల కింద పరకాల వైపు నుంచి ఒకామె పదేళ్ల కొడుకును తీసుకొచ్చింది. చేతిలో మూడు కివీల డబ్బా. "జరం తగ్గింది మేడం, ఇగ కణాలు పెరుగుడే ఉన్నది" అన్నది. పొద్దటి నుంచి ఏం తాగాడంటే అర గ్లాసు బొప్పాయి ఆకు రసం, అదీ కక్కేశాడు. ఒంటికి ఎప్పుడు పోశాడంటే రాత్రి. చెయ్యి పట్టుకుని చూస్తే చల్లగా ఉంది. డైట్ చార్టు పక్కన పడేసి క్యాజువాలిటీకి పరుగెత్తించాను. సెలైన్ ఎక్కించారు, నాలుగు రోజులకు ఇంటికి పోయాడు. తర్వాత మాటల్లో తెలిసింది, వాళ్లకు రెండు బర్రెలున్నాయి. "జరంల మజ్జిగ తాగితే సలి చేస్తదంటరు గద" అని చుక్క పోయలేదట.

ఆమెను తప్పుపట్టే మొహం నాకు లేదు. మా పాపకు డెంగీ వచ్చినప్పుడు నేనూ కివీ కొన్నాను. మా ఆడబిడ్డ మూడుసార్లు ఫోన్ చేసి "కివీ పెడుతున్నవా వదినా?" అని అడిగింది. లేదంటే పిల్లను పట్టించుకోనట్టే. ఆ టెన్షన్‌లో చదువు పని చేయదు.

ఇవ్వాల్సినవి ఇవి: అన్నం వార్చిన గంజిలో చిటికెడు ఉప్పు, పల్చటి మజ్జిగ, కొబ్బరి నీళ్లు, పెసరకట్టు, ఓఆర్‌ఎస్. ఒక్కసారే గ్లాసెడు కాదు, కొంచెం కొంచెంగా, మాటిమాటికీ. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు ఎంత తాగాలో డాక్టర్నే అడగాలి. దానిమ్మ, బీట్‌రూట్ రసాలు ఆ రోజుల్లో వద్దు. వాంతిలో ఎరుపు కనిపిస్తే అది రక్తమో, రసమో తెలియక మాకు చెమటలు పడతాయి. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పండ్ల బండి దగ్గర ఆగకుండా దవాఖానకు రండి.

జ్వరం పూర్తిగా పోయి ఆకలి పుట్టాక విటమిన్ సి కావాలంటే జామకాయ తినండి. వంద గ్రాముల జామలో అది 200 మిల్లీగ్రాములు దాటుతుంది. మామూలు పచ్చ కివీలో అందులో సగం కూడా ఉండదు. ఆపిల్‌లో చెప్పుకునేంత లేదు. పరామర్శకు మాత్రం అందరూ ఆపిళ్లే తెస్తారు. జామకాయలు తెస్తే నామోషీ.

అపోహ: మన దగ్గర పండేది బీదల తిండి, బలమంతా డబ్బాల్లో ఉంటుంది.

కివీ జబ్బుకు మూలం ఇదే. మా అమ్మమ్మ జొన్న గట్క తిని చేన్లో పత్తి ఏరింది. ఇప్పుడు మా ఇంట్లోనే ఓట్స్ డబ్బా ఉంది. ఓట్స్ మంచివే, కానీ జొన్నలు అమ్ముకుని కొనాల్సినంత మంచివి కావు.

అపోహ: తెలంగాణ సోనా 'షుగర్ బియ్యం', ఎంతైనా తినొచ్చు.

రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు తెచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం ఇది. గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) 51 చిల్లర, అంటే సన్నబియ్యాల్లో తక్కువే. నేనూ అదే వండుతాను. కానీ అది అన్నమే. మూడు పూటలా పళ్లెం నిండా పెట్టుకుంటే ఏ బియ్యమైనా ఒకటే.

అపోహ: దగ్గర్లో పండిన కూరగాయలకు మందులు కొట్టరు.

ఎందుకు కొట్టరు? వంకాయకూ, గోబీకీ ఇక్కడా కొడతారు. బాగా కడుక్కోవాల్సిందే, కడిగినా మొత్తం పోతుందని నేను చెప్పను. దగ్గరి పంటలో లాభం వేరే ఉంది. ఆకుకూర తెల్లవారి కోస్తే మధ్యాహ్నానికి మన పొయ్యి మీదుంటుంది. వాడిపోయే కొద్దీ దాంట్లో విటమిన్ సి పోతుంది. రైతుబజార్‌లో కూర్చున్న వాళ్లంతా రైతులు కారన్న మాట నిజమే. పుంటికూర కట్ట చేతిలోకి తీసుకుని "ఎప్పుడు తెంపినవ్ అవ్వా? మందు ఎప్పుడు కొట్టిన్రు?" అని అడగండి. పండించిన మనిషైతే చేను ఏ ఊర్లో ఉందో కూడా చెప్తుంది.