రంగులరాట్నం మీద లెక్కలు

"పాతకాలం క్షిపణుల్లో కంప్యూటర్ ఉండేదా సార్? దానికి మెమరీ ఎంత?" అని మొన్న ఒక విద్యార్థి అడిగాడు. నాకు ఎంతో ఇష్టమైన యంత్రాన్నే అడిగాడు.

1962లో అమెరికా మోహరించిన మినిట్‌మన్-1 క్షిపణికి దారి చూపింది డీ-17బీ అనే కంప్యూటర్. ఆటోనెటిక్స్ అనే కంపెనీ తయారుచేసింది. బరువు సుమారు 28 కిలోలు. చిప్పులు లేవు, అన్నీ విడి ట్రాన్సిస్టర్లే. మెమరీ అంటే గిర్రున తిరిగే అయస్కాంత పళ్లెం. ఇప్పటి లెక్కలో 8 కిలోబైట్లు!

జాతరలో రంగులరాట్నం పక్కన నిలబడ్డారనుకోండి. మీరు కదలరు, గుర్రాలే మీ ముందుకు వస్తాయి. గుర్రమంటే ఒక సంఖ్యో, ఒక ఆదేశమో పట్టే చోటు; మీరంటే దాన్ని చదివే భాగం. ఈ పళ్లెంలో ఒక్కో వరుసకు 128 గుర్రాలు, సెకనుకు 100 చుట్లు. ఒక గుర్రం దాటడానికి 78 మైక్రోసెకన్లు. ఒక కూడికకూ అంతే సమయం. మీక్కావలసిన గుర్రం అప్పుడే దాటిపోయిందా, చుట్టంతా ఆగాలి. అంటే 10 మిల్లీసెకన్లు, 128 కూడికల కాలం వృథా. ఆలోగా సెకనుకు 7 కిలోమీటర్ల వేగంతో పోయే క్షిపణి 70 మీటర్లు దాటిపోతుంది.

అందుకే ప్రోగ్రామర్లు ఆదేశాలను వరసగా పేర్చలేదు. ప్రతి ఆదేశంలోనే తర్వాతి ఆదేశం ఎన్నో గుర్రం మీదుందో రాసేవారు. గుణకారానికి 7 గుర్రాల కాలం పడుతుంది, కాబట్టి దాని తర్వాతి ఆదేశాన్ని అది ముగిసే సరికి ఎదురుగా వచ్చే గుర్రం మీద ఎక్కించాలి. ప్రోగ్రామ్ రాయడమంటే ఎవరిని ఏ గుర్రం మీద కూర్చోబెట్టాలో తేల్చడమే. డేటా ఎక్కడుందన్న దాన్ని బట్టే దాన్ని అందుకునే కాలం కూడా. కాష్ మెమరీ (తరచూ వాడే డేటాను ప్రాసెసర్ దగ్గరే ఉంచే చిన్న మెమరీ) పాఠం చెప్పేటప్పుడు మన కాలేజీల్లో ఈ కథతో మొదలుపెడితే ఎంత బావుంటుందో!

తర్వాత వచ్చిన మినిట్‌మన్-2 కోసం టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 22 రకాల ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు, అంటే చిప్పులు, రూపొందించింది. అప్పటికి చిప్పు ఖరీదైన వింత. ఈ క్షిపణి కోసం, అపోలో నౌక కోసం చిప్పులను వేలకు వేలు కొన్నారు. తయారీలో చెయ్యి తిరిగింది. 1962లో సగటున 50 డాలర్లున్న చిప్పు 1968కల్లా 3 డాలర్ల లోపుకు దిగింది. మామూలు కంప్యూటర్లలోకి చిప్పు రాగలిగింది ఆ ధరకే.

1970లలో మినిట్‌మన్-1 విరమించాక, మిగిలిన డీ-17బీలను అమెరికా విశ్వవిద్యాలయాలకు ఇచ్చేశారు. యుద్ధం కోసం పుట్టిన ఆ రంగులరాట్నాల మీద విద్యార్థులు ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు.