చలి వేసిన మరక

కొరాపుట్ నుంచి ఒకావిడ అడిగారు: "మా కాలిఫోర్నియన్ కుందేలు డిసెంబరులో ఈనింది. రెండు పిల్లలకు వీపు మీద బూడిద మరక వచ్చింది. చూలుతో ఉన్నప్పుడు అది నల్లపిల్లిని చూసి జడుసుకుందని మా అత్తయ్య అంటున్నారు. నిజమేనా?"

పాపం, పిల్లికేం సంబంధం లేదు. తల్లి దేన్ని చూసి జడుసుకున్నా కడుపులో వేడి 39 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఆ వేడిలో ఈ జాతి పిల్లలకు నలుపు పట్టదు. మరక వేసింది మీ కొండల చలి.

నలుపంటే మెలనిన్ అనే రంగు పదార్థం. కణంలో రసాయన మార్పులు జరిపించే ప్రోటీన్‌ని ఎంజైమ్ అంటారు. టైరోసినేజ్ అనే ఎంజైమ్ టైరోసిన్ అనే పదార్థాన్ని డోపాగా, దాన్ని డోపాక్వినోన్‌గా మారిస్తేనే మెలనిన్ తయారీ మొదలవుతుంది. హిమాలయన్, కాలిఫోర్నియన్ కుందేళ్లలో ఈ ఎంజైమ్ జన్యువు కాస్త మారి ఉంటుంది. దాంతో ఎంజైమ్ నెయ్యిలా తయారైంది. చల్లగా ఉంటే గట్టిగా నిలుస్తుంది, వేడి తగిలితే ఆకారం తప్పుతుంది. గిన్నెలో నెయ్యి ఉంటుంది, ముద్ద మాత్రం ఉండదు. ఇక్కడా అంతే, కణం ఎంజైమ్‌ని తయారుచేస్తూనే ఉంటుంది, అది పని చెయ్యదు. ఒంటి లోపలి వేడిని పొయ్యి అనుకోండి. పొయ్యి దగ్గరున్న పొట్ట, వీపు తెల్లగా ఉంటాయి. పొయ్యికి దూరంగా ఉన్న చెవులు, ముక్కు, పాదాలు, తోక నల్లబడతాయి. వీపు మీద ఒకచోట బొచ్చు గొరిగి మంచుగడ్డ కట్టి ఉంచితే, అక్కడ మొలిచే బొచ్చు నల్లగా వస్తుంది. అదే కుందేలును పుట్టినప్పటి నుంచి 30 డిగ్రీలు దాటిన వేడిలో పెంచితే చెవులు కూడా తెల్లగానే ఉండిపోవచ్చు. కొరాపుట్‌లో బొగ్గులా ఉన్న ముక్కు చంద్రపూర్ ఎండల్లో, కొత్త బొచ్చు మొలిచాక, వెలిసినట్టు కనిపిస్తే ఆశ్చర్యం లేదు.

నెయ్యి పోలిక ఒక్కచోట చెల్లదు. నెయ్యి మళ్లీ పేరుకుంటుంది, మొలిచిన వెంట్రుక మాత్రం రంగు మార్చుకోదు. రంగు చేరేది వేరు దగ్గర, పెరిగేటప్పుడే. మరక ఉన్నచోట బొచ్చును ఊది పాయ తీసి చూడండి. కొసలు బూడిదగా, మొదళ్లు తెల్లగా కనిపిస్తే, మొదటి రోజుల్లో చలి తగిలి తర్వాత గూడు వెచ్చబడిందన్నమాట.

బళ్లో బఠాణీలు చూపించి జన్యువంటే నుదుటి రాత అన్నట్టు నేర్పుతారు. నాకది నచ్చదు. ఈ జన్యువు చేసేది, వేడి తగిలితే పాడయ్యే ఎంజైమ్‌ని ఇవ్వడం వరకే. అలాగని చలి ఉంటే చాలనీ కాదు. న్యూజిలాండ్ వైట్ అనే తెల్ల కుందేలు జాతి పిల్లల్ని ఎంత చలిలో ఉంచినా మరక రాదు, వాటికి పనిచేసే టైరోసినేజే లేదు. కాలిఫోర్నియన్‌ని, న్యూజిలాండ్ వైట్‌ని కలిపితే పుట్టే పిల్లలకు చెవులు, ముక్కు నల్లబడతాయి గానీ, లేతగా.

సంతలో బేరగాళ్లు మరక చూసి "సంకరం" అని ధర తగ్గిస్తే ఒప్పుకోకండి. పిల్లబొచ్చు రాలి పెద్దబొచ్చు వచ్చేసరికి అది పోతుంది. ఈలోగా గూటి పెట్టెలో ఎండుగడ్డి ఇంకాస్త వెయ్యండి, తల్లి పీకి పరిచిన బొచ్చు తీసెయ్యకండి. ఒళ్లంతా మరక పడేంత చలి వేసిందంటే, ఇంకొంచెం ఎక్కువైతే పిల్ల బతకదు.