ఎగరడం సరే, దిగడం ఎలా?

మా అమ్మాయి సత్యనారాయణపురంలో కూచిపూడి నేర్చుకుంటోంది. మేడ మీద హాలు, కింద తళతళలాడే టైల్స్. ఆరు నెలలయ్యేసరికి మోకాలి కింద ముందువైపు ఎముక వెంట నొప్పి మొదలైంది, కొత్తలో అంతేలే అని బామ్ రాసి ఊరుకున్నాం. ఒకరోజు క్లాసు అయ్యేదాకా గుమ్మం దగ్గర కూర్చుని చూశాక గానీ సంగతి తెలియలేదు. ఎగిరేటప్పుడు బాగానే ఎగురుతోంది, దిగేటప్పుడు మాత్రం బియ్యం బస్తా పడేసినట్టు ధబ్బుమంటోంది.

చిన్న లెక్క వేద్దాం. 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దిగిన ఒళ్ళు, కాళ్ళు బిగబట్టడం వల్ల 3 సెంటీమీటర్లలోనే ఆగిపోతే, ఆ క్షణంలో కాళ్ళ మీద సగటున ఒంటి బరువుకి 11 రెట్ల భారం పడుతుంది. అదే చీలమండ, మోకాలు, తుంటి మూడూ మడుచుకుంటూ ఇంకో 30 సెంటీమీటర్లు కిందికి వెళ్ళి ఆగితే 2 రెట్లే. అంటే 40 కిలోల పిల్లకి 440 కిలోలా, 80 కిలోలా అన్నది మోకాలి మడతలో ఉంది! చెక్క స్టేజీ అయితే కొంచెం లొంగుతుంది, టైల్స్ అస్సలు లొంగవు. ఎముకలో వచ్చే సన్నని దెబ్బల్ని విశ్రాంతిలో శరీరమే బాగుచేసుకుంటుంది కానీ ఆ టైమ్ ఇవ్వకపోతే చివరికి పగులు వస్తుంది. వేలితో నొక్కితే ఒకే చోట చురుక్కుమంటే బామ్ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. (మాకు మూడు వారాలు గెంతులు బంద్.)

అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి తెరిచి సగం కూర్చునే భంగిమలో, ఇంకో తప్పు జరుగుతుంది. పాదాలు పక్కకి తిరగాలంటే ఆ తిప్పు తుంటి దగ్గర్నుంచి రావాలి, ఎందుకంటే అక్కడ గిన్నెలో బంతిలా ఉండే కీలు ఉంది. మోకాలు దాదాపు తలుపు బందు లాంటిది. పాదాల్ని మాత్రం బలవంతంగా తిప్పేస్తే మోకాళ్ళు లోపలికి వాలతాయి, మెలి అంతా వాటి మీదే. తుంటి గిన్నె లోతు అందరికీ ఒకేలా ఉండదు కాబట్టి పక్కపిల్లని చూసి పోటీ పడొద్దు.

దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువు మోస్తుంది, ఒక రకంగా బ్రేకు. ఇంద్రకీలాద్రి మెట్లు దిగి వచ్చిన మర్నాడు తొడలు పట్టేసేది ఈ పని వల్లే.

నాకు అసలు ఆసక్తి ఇక్కడే. 1973లో స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ మనుషుల కీళ్ళ దగ్గర పదీ పన్నెండు చిన్న వెలుగుచుక్కలు పెట్టి చీకట్లో నడిపిస్తే, మొహం, ఒళ్ళు ఏదీ కనిపించకపోయినా చూసేవాళ్ళు ఇట్టే మనిషి నడక అని గుర్తుపట్టారు. తర్వాత నర్తకుల మీద చేసిన ఇలాంటి ప్రయోగాల్లో కోపమో దుఃఖమో కూడా చాలావరకు చెప్పగలిగారు. అంటే భావంలో కొంత వేగంలోనే, ఆ వేగాన్ని ఎక్కడ ఆపామన్నదాంట్లోనే ఉంది. సత్యభామ నింపాదిగా కూర్చుంటే గీర, ఒక్కసారిగా కూలబడితే బాధ. బ్రేకు చేతిలో ఉన్న పిల్ల ఈ రెండింట్లో ఏది కావాలో ఎంచుకుంటుంది, లేని పిల్లకి ఉన్నది ఒక్క ధబ్బే. నాటకంలో నేలకూలే నటుడిదీ ఇదే సాధన: ముందు నడుము కిందికి తెచ్చుకుని, తర్వాత తొడ పక్క, పిరుదు, వీపు వరసగా ఆనించడం. చేతులు చాపి పడితే మణికట్టు పోతుంది.

ఇప్పుడు ఇంట్లో పీట మీంచి చప్పుడు లేకుండా దిగడం మా అమ్మాయికి రోజూ పందెం. మొన్న కింద వాటా ఆంటీ మెట్ల దగ్గర ఆపి అడిగారు, "ఏమ్మా, డాన్స్ మానేశావా?"